మూడు చోట్ల

"మీ కాలి కొలతలు మూడు చోట్ల దాచాను, కండక్టరుగారూ. దిగులు పడకండి" అన్నాడు కృత్రిమ కాళ్ళు తయారుచేసే ఆయన, కంప్యూటర్ తెరుస్తూ.

కండక్టరు పాత కాలు పగిలిపోయి బల్ల మీదుంది. నొప్పి పుట్టించని అచ్చు కుదిరేసరికి అప్పట్లో ఇద్దరికీ తల ప్రాణం తోకకొచ్చింది.

ఫైలు కనిపించలేదు.

"పోయిన ఏడాది పాతవన్నీ తీసేశాను. అందులో పోయిందేమో!" అంది ఆయన పనిలో సాయం చేసే భార్య, బిక్కమొహం వేసి.

"పోతే పోనీ, కాపీలున్నాయిగా." ఆయన విడిగా ఉన్న డిస్కులో వెతికాడు. లేదు. ఆన్‌లైన్‌లో వెతికాడు. అక్కడా లేదు.

"రోజూ దానంతటదే కాపీ చేస్తుందే! 'పూర్తయింది' అని చూపిస్తుందే!"

"చేస్తోందండీ. ఇక్కడున్నది అక్కడ పెడుతోంది. ఇక్కడ తీసేస్తే అక్కడా తీసేస్తోంది" అంది భార్య, తెర వైపు చూస్తూ.

ఆయన కుర్చీలో కూలబడ్డాడు. "దాచాననుకున్నానే! అద్దాల్లో బొమ్మలు చూసి మూడున్నాయనుకున్నాను."

 కండక్టరే ప్యాంటు పైకి మడిచి, మోకాలి కింద ఆగిపోయిన కాలు ముందుకు చాచాడు.

"మళ్ళీ మొదలుపెట్టండి. ఈసారి కాస్త గట్టిగా అరుస్తానేమో, ఏమీ అనుకోకండి."