సర్వర్ గది తాళంచెవి

"ల్యాబ్ తలుపు ఇలా బార్లా తీసిపెట్టి ఎక్కడికి పోయావయ్యా?"

పెద్దాయన గుమ్మంలో నిలబడి కేకేశాడు. చంకలో లావుపాటి ఫైలు, నుదుటి మీదికి ఎగదోసిన కళ్ళజోడు. టీ గ్లాసుతో వస్తున్న ల్యాబ్ అసిస్టెంట్ గతుక్కుమన్నాడు.

"ఇప్పుడే సార్. ఇలా వెళ్ళి అలా వచ్చా."

"రేపు తనిఖీ. గుర్తుందా?"

"ఎందుకు గుర్తులేదు సార్! జాతీయ గుర్తింపుకి అప్లై చెయ్యడం ఇది మూడోసారి. ఈసారీ రాకపోతే సైబర్ సెక్యూరిటీ కోర్సే ఎత్తేస్తారట. మా ఉద్యోగాలు కూడా..."

"అన్నీ తెలుసు. తలుపు వెయ్యడం ఒక్కటే తెలీదు!"

పెద్దాయనకు ఒళ్ళు మండిపోయింది. ఈ కోర్సంటే ఆయనకు మమకారం. పిల్లల ప్రాజెక్టులన్నీ ఓపిగ్గా కూర్చుని చదివాడు. దొంగ మెయిళ్ళు పట్టుకునే ప్రోగ్రాం రాసిన అమ్మాయి పేపరు చూసి మురిసిపోయాడు. పోయినసారి మీటింగులో ఈ కాలేజీ తరఫున గొంతు చించుకుని పోట్లాడింది ఆయనొక్కడే. తీరా చూస్తే ఏముంది, పాఠాలు చెప్పేవాళ్ళే తప్ప పాటించే నాథుడు లేడు.

కంప్యూటర్ తెరకు పసుపు కాగితం ముక్క అంటించి ఉంది. దాని మీద పెద్ద పెద్ద అక్షరాలతో పాస్‌వర్డ్.

"ఇదేమిటి?"

"మర్చిపోతామని సార్. మీక్కావాలంటే ఫొటో తీసుకోండి."

"నా ఖర్మ!" అని నుదురు కొట్టుకుని ఆఫీసు గదికి నడిచాడు.

అక్కడ గుమాస్తా రేపటి బ్యానరుకు తాడు కడుతున్నాడు. 'మా భద్రత మా చేతుల్లోనే' అని రాసి ఉంది దాని మీద.

"పిల్లల వివరాలుండే రిజిస్టరేదీ?"

గుమాస్తా తలెత్తకుండానే బీరువా వైపు చెయ్యి చూపించాడు. "తీసే ఉంది సార్. చూసుకోండి."

"సర్వర్ గది తాళంచెవి?"

"అదిగో, మేకుకి."

"ఎందుకని అడగవేం?"

"అయ్యో, మిమ్మల్ని అడిగేంతవాణ్ణా సార్!" గుమాస్తా మెలికలు తిరిగిపోయాడు.

పెద్దాయనకు ఏడుపొచ్చినంత పనైంది. పొద్దుట్నించీ ఇదే తంతు. గేటు దగ్గర వాచ్‌మన్ సెల్యూట్ కొట్టాడు. మెట్ల మీద లెక్చరరమ్మ పక్కకు తప్పుకుని దారిచ్చింది. కాస్త గట్టిగా కసిరితే చాలు, ఇల్లైనా రాసిచ్చేట్టున్నారు అందరూ!

ఫైలు తెరిచాడు. కాగితం మీద పది గడులు. తొమ్మిదో గడిలోనూ సున్నా చుట్టాడు. మిగిలిన ఆ ఒక్కటైనా దక్కితే ఇంకో ఏడాది గడువు అడగడానికి నోరుంటుంది. అదీ పోతే ఇక కోర్సు మాట మర్చిపోవడమే.

తాళంచెవి పట్టుకుని విసవిసా వరండా చివరికి వెళ్ళాడు. సర్వర్ గది ముందు ఊడుస్తున్న ఆయమ్మ చీపురు అడ్డం పెట్టింది.

"ఆగండి. ఎవరు మీరు?"

"ఎవరా? తాళంచెవి నా చేతిలో కనపడ్డంలేదూ? తప్పుకో!"

"తాళంచెవి దొంగ చేతిలో కూడా ఉంటుంది. మీ కార్డు చూపించండి."

"నీ ఉద్యోగం పీకిస్తా!"

"పీకించుకోండి. ముక్కూమొహం తెలియనివాళ్ళని లోపలికి పోనివ్వొద్దని ఇక్కడి పిల్లలే నన్ను కూర్చోబెట్టి మరీ చెప్పారు. వాళ్ళ మాట కాదని మిమ్మల్ని పంపనా?"

కేకలు విని గుమాస్తా, ల్యాబ్ అసిస్టెంట్ పరుగెత్తుకొచ్చారు.

"ఆయమ్మా, బుద్ధుందా నీకు? పెద్దసారుని పట్టుకుని కార్డు అడుగుతావా?" గుమాస్తా గద్దించాడు.

"అలాగా! ఏ సారో చెప్పు, ఇప్పుడే వదిలేస్తా."

గుమాస్తా అసిస్టెంట్ మొహం చూశాడు. అసిస్టెంట్ గుమాస్తా మొహం చూశాడు.

"నీకు తెలుసనుకున్నానే!"

"నేనూ నీకే తెలుసనుకున్నా!"

పెద్దాయన ఫైలు తెరిచి పదో గడిలో టిక్కు పెట్టాడు. జేబులోంచి కార్డు తీసి ఆయమ్మ చేతిలో పెట్టాడు.

రేపు రావలసిన తనిఖీ అధికారి ఆ రోజు మొదటిసారి నవ్వాడు.