చెడు కబురు చెప్పే పాఠం

"మళ్ళీ తప్పారు డాక్టరుగారూ" అంది శిక్షకురాలు.

ఆ అమ్మాయికి అతని కూతురి వయసుంటుంది.

అతను కుర్చీలో జారగిలబడ్డాడు. కుక్కలకీ పిల్లులకీ ఆపరేషన్లు చేసి, కుట్లు వేసి జుట్టు నెరిసిన మనిషి. ఆ చేతిలో పడితే ఆశ వదిలేసుకున్న కుక్క కూడా లేచి తోకాడిస్తుందని ఊళ్ళో పేరు. ఇప్పుడేమో రిజిస్ట్రేషన్ రెన్యూ కావాలంటే జంతువుల ఆసుపత్రి మేడ మీద జరిగే ఈ శిక్షణ పూర్తి చెయ్యాలట. అందులో ఒక పాఠం, పెంచుకున్నవాళ్ళకి చెడు కబురు ఎలా చెప్పాలని.

"ఏం తప్పానమ్మా? కిడ్నీలు పోయాయి, బతకదు అన్నాను. అబద్ధమా?"

"నిజమే సార్. కానీ గోడకి మేకు కొట్టినట్టు చెప్పారు."

గోడవారన కూర్చున్న తోటి డాక్టర్లు కిసుక్కున నవ్వారు. అతనికి ఒళ్ళు మండింది.

జేబులో ఫోను మోగింది. క్లినిక్ నుంచి భార్య.

"ఇంకా అవలేదా? దారం మింగేసిన పిల్లిని తెచ్చారు. ఒకటే వాంతులు."

"నేనిక్కడ మాటలు నేర్చుకుంటున్నాను. వేరే డాక్టరు దగ్గరికి పంపించెయ్" అని విసురుగా పెట్టేశాడు.

"ఇందాక కుక్కగలావిడగా నేను చేశాను కాబట్టి మీకు కుదరలేదేమో" అంది శిక్షకురాలు. "నటించడానికి ఇవాళ ఎవరో కొత్తావిడ వస్తున్నారు. ఆవిడతో చేద్దురుగాని. ఇదే ఆఖరిసారి. తప్పితే మళ్ళీ వచ్చే ఏడాదే."

"ఈ వయసులో నాటకాలొకటి తక్కువయ్యాయి నాకు" అని గొణిగాడు.

అంతలో తలుపు కొంచెం తెరుచుకుంది. నలిగిన బట్టలతో ఒక నడివయసావిడ తొంగిచూసింది. చేతిలో కుక్కని కట్టే గొలుసు.

"మా కుక్క గురించండీ... డాక్టర్లంతా పైనే ఉన్నారంటే వచ్చాను."

"రండి, రండి. మీకోసమే చూస్తున్నాం" అంది శిక్షకురాలు.

ఆవిడ వరసగా కూర్చున్న తెల్లకోట్లని చూసి బెదిరిపోయింది.

"ఇంతమందా? అంత పెద్ద జబ్బా అండీ?"

"భలే మొదలెట్టింది" ఒక డాక్టరు పక్కవాడి చెవిలో అన్నాడు. "గొలుసు కూడా తెచ్చుకుంది చూడు."

అతను గొంతు సవరించుకుని, నేర్పిన ముక్కలు ఒప్పజెప్పాడు.

"మీకొక కష్టమైన విషయం చెప్పాల్సి వస్తోంది. మీ కుక్కకి రెండు కిడ్నీలూ పాడైపోయాయి."

"ఎప్పుడు?"

ఈ ప్రశ్న పాఠంలో లేదు. అతను తడబడ్డాడు.

"పరీక్షల్లో తెలిసింది. మందులు పనిచేసే దశ దాటిపోయింది."

"నిన్న చిన్న పనే అన్నారు కదండీ. ఇవాళ తీసుకెళ్ళిపోవచ్చన్నారు."

ఈవిడ సొంత కవిత్వం ఎత్తుకుంది, ఇక నేను గట్టెక్కినట్టే అనుకుని పళ్ళు నూరుకున్నాడు.

"ముందు అలాగే అనుకున్నాం. కాదని తేలింది."

"ఏం చేసినా బతకదా?"

"బతకదు."

అప్పుడు ఏడుస్తుందనుకున్నాడు. ఏడవలేదు. గొలుసుని చేతికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ కూర్చుంది.

"మొన్న రాత్రి అదే పనిగా మూలుగుతుంటే నోర్ముయ్యమని కసిరానండీ. డ్యూటీ నుంచి అలిసిపోయి వచ్చాను మరి. పాపం, లేచి వెళ్ళి తలుపు దగ్గర పడుకుంది." ఆవిడ తలెత్తింది. "దానికి అది గుర్తుంటుందా డాక్టరుగారూ?"

శిక్షకురాలి చేతిలో కలం ఆగిపోయింది.

అతను నేర్పిన ముక్కలు పక్కన పెట్టేశాడు. కుర్చీ లాక్కుని ఆవిడకి దగ్గరగా జరిగాడు.

"గుర్తుంటుందో ఉండదో నాకు తెలీదమ్మా. కానీ ఇన్నేళ్ళలో, కసిరిన మనిషి చెయ్యి నాకని కుక్కని నేను చూడలేదు. ఆఖర్న వాటికి కావాల్సింది మందు కాదు, మనిషి. వెళ్ళి పక్కన కూర్చోండి. మీరొచ్చారని దానికి తెలుస్తుంది. అది చాలు."

అప్పుడు ఏడ్చింది ఆవిడ. అతని చేతిని రెండు చేతులతో పట్టుకుంది.

"దాచకుండా చెప్పారు. మీ మేలు మర్చిపోలేను" అని కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోయింది.

తలుపు మూసుకోగానే గదంతా చప్పట్లు మోగాయి.

"పాసయ్యారు సార్!" అంది శిక్షకురాలు. ఆ అమ్మాయి కళ్ళు కూడా తడిగానే ఉన్నాయి.

"సగం మార్కులు ఆవిడకెయ్యాలి. ఏం నటన!" అన్నాడు ఇందాకటి డాక్టరు.

పొద్దుట్నుంచీ గుండెల మీదున్న బరువు దిగినట్టయింది అతనికి. టీ తాగుదామని మెట్లు దిగాడు.

కింద ఆసుపత్రి వరండాలో, నేల మీద, ఆవిడే కూర్చుని ఉంది. ఒళ్ళో ఒక ముసలి కుక్క తల పెట్టుకుని పడుకుంది. ఆవిడ దాని చెవులు నిమురుతోంది.

సొంత కుక్కని కూడా చూపించుకోవడానికి తెచ్చుకున్నట్టుంది అనుకుంటూ నవ్వు మొహంతో దగ్గరికెళ్ళాడు.

"అమ్మా, మీరు నిజంగా ఎంత బాగా..."

కౌంటర్లో అమ్మాయి మధ్యలోనే అందుకుంది.

"మీరైనా చెప్పండి సార్, పుచ్చిపన్ను పీకేశాం, కుక్క నిక్షేపంలా ఉంది, ఇంటికి తీసుకెళ్ళమ్మా అంటే వినట్లేదు... దానికి రెండు కిడ్నీలూ పోయాయని పైన ఎవరో పెద్ద డాక్టరుగారు దగ్గర కూర్చోబెట్టుకుని మరీ చెప్పారట!"