రాగి అల్లిక

ఈసారి కూడా మోడల్ విమానం గాల్లోనే అదుపు తప్పి కూలింది.

"నీ చెల్లెలు బిగించిన రేడియో మరి. దాన్ని పని మాన్పించి కొట్లోంచి పంపెయ్," అన్నాడు బావ, ముక్కల్ని బల్ల మీద పోస్తూ.

చెల్లెలు ముక్కల్లోంచి రేడియోను ఏరి పక్కన పెట్టింది. కొట్టు యజమాని అయిన ఆమె అన్న ఇంజన్ తీగను వేళ్లతో తడిమాడు.

"దీని మీది రాగి అల్లిక ఏది బావా? అది లేకపోతే ఇంజన్‌లో నిప్పురవ్వ కొట్టినప్పుడల్లా రేడియో తికమకపడుతుంది."

"అనవసరపు బరువెందుకని అన్నిటికీ నేనే ఒలిచేశాను. దానివల్లే కూలుతున్నాయని తర్వాత తెలిసింది."

"తెలిసీ చెల్లిని నాచేత తిట్టించావా?"

"పెళ్లామేగా, పడుతుంది."

పుచ్చిన సరుకును చూసినట్టు బావను చూసి, యజమాని మొహం తిప్పుకున్నాడు.

"ఆయన సంగతి నాకు తెలిసిందే అన్నయ్యా," అంది చెల్లెలు. "ఇన్ని విమానాలు కూలాయి. కూలిన ప్రతిసారీ నన్ను తిట్టావు గానీ, నువ్వు తీగ చూసింది ఇవాళే."