వీధికి కళ

మా తమ్ముడు పెద్ద ఆర్కిటెక్టు. మా వీధి కూల్చేసి అద్దె ఫ్లాట్లు కట్టే పని వాడికే వచ్చింది. అట్టతో చేసిన నమూనా తెచ్చి నా కుట్టుమిషను మీదే పెట్టాడు. కింద జాకెట్టు నలుగుతుందన్న ధ్యాస కూడా లేదు.

"చచ్చిన వీధికి ప్రాణం పోస్తున్నానక్కా!"

పొద్దుటి నుంచి జాకెట్ల కోసం వచ్చినవాళ్ళు నా ప్రాణం తోడేస్తున్నారు. చచ్చిన వీధట!

నమూనాలో జిమ్ముంది, కుక్కలు తిరగడానికి తోటుంది. మనుషులు కూచోడానికి బల్ల మాత్రం లేదు.

"బల్ల వేస్తే పనిలేనివాళ్ళు చేరతారక్కా."

అవును మరి. అయ్యగారు చదువుకున్నది మా వీధి చివరి బల్ల మీదే.

నమూనాలోని గేటు పక్కన, బుల్లి కుట్టుమిషను ముందు కూచున్న చిన్న బొమ్మ కనిపించింది.

"ఇదెవర్రా?"

"నువ్వే! వీధికి కళ ఉండాలిగా."

వెర్రిమొహాన్ని, మురిసిపోయాను. "మరి ఇందులో నా ఇల్లేదిరా?"

"ఈ అద్దెలు నువ్వెక్కడ కట్టగలవక్కా? అయినా అది బొమ్మ, దానికి ఇల్లెందుకు?"

బొమ్మను జిగురుతో సహా పీకి నా గుండీల డబ్బాలో వేసుకున్నాను.

"ఇదిగో, ఖాళీ చేశాను. ఇక పోసుకో ప్రాణం."