మారెక్ ఉండే ఇంటి ఓనర్

టెన్ మైల్ రోడ్ మీద సిగ్నల్ దగ్గర కారు ఆగింది.

"గ్యాస్ అయిపోయిందిరా" అన్నాడు వీరభద్రం.

శ్రీహర్ష మొహంలో నెత్తురు చుక్క లేదు. బయట మంచు. ఒళ్ళో కాంట్రాక్టు కాగితాలు.

"మామయ్యా! సాయంత్రం ఐదులోపు మారెక్ సంతకం పెట్టకపోతే ఈ సీజనంతా ఆడటానికి లేదు. లీగ్ రూల్!"

"వాడు ఆడకపోతే నీకేంట్రా?"

"సంతకం తెస్తే ఏప్రిల్‌లో నా హెచ్-వన్ వీసా ఫైల్ చేస్తామన్నాడు బాస్. తేకపోతే బ్యాగ్ సర్దుకోవడమే."

గ్రీన్ లైట్ పడింది. కారు ఝామ్మని కదిలింది.

"ట్యాంకు నిండా ఉందిలే. నీ మొహం ఎలా మారుతుందో చూద్దామనీ" వీరభద్రం పకపకా నవ్వాడు.

నోవైలో ఇండియన్ గ్రోసరీ షాపులో పనిచేసే వీరభద్రానికి మేనల్లుడిని ఏడిపించడం కంటే పెద్ద పనేమీ లేదు.

మేనల్లుడిది మాత్రం పెద్ద ఉద్యోగమే. ఐస్ హాకీ టీమ్ ఆఫీసులో ఆటగాళ్ళ లెక్కలు కట్టడం. చేరి నెలయింది.

మారెక్ ఆ టీమ్‌కి స్టార్. స్లొవాకియా కుర్రాడు. పాత కాంట్రాక్టు వేసవిలోనే అయిపోయింది. జీతం దగ్గర పేచీ పెట్టి ఇన్నాళ్ళూ మంచు మీద అడుగుపెట్టలేదు. నిన్ననే ఫోన్‌లో సరేనన్నాడు.

బాసేమో తుఫానుకి ఎక్కడో ఎయిర్‌పోర్టులో ఇరుక్కుపోయాడు. సంతకం పని శ్రీహర్ష మీద పడింది.

"అంత జీతం ఒక్కడికే పోస్తే మిగతావాళ్ళకేం మిగులుతుందిరా?"

"టీమ్ మొత్తం జీతాలకి ఒక లిమిట్ ఉంటుంది మామయ్యా. అందుకే పొద్దున ఒకడిని తీసేశాం. డిఫెన్స్‌లో ఆడతాడు. వయసైపోయింది, గోల్స్ లేవు. నేనే చెప్పాను ఆ పేరు."

"పాపం, ఎలాంటివాడో?"

"నేను ఫిగర్స్ చూస్తాను. మనుషుల్ని కాదు."

"అబ్బో!" అన్నాడు వీరభద్రం.

మారెక్ మెసేజ్‌లో పంపిన అడ్రస్‌కి వెళ్ళారు. తలుపు తీసింది మారెక్ కాదు. ఓ బట్టతల మనిషి. చేతిలో గరిటె. నవ్వితే ముందు పళ్ళు రెండు లేవు.

"రండి రండి. షూస్ అక్కడ విప్పండి. వేడిగా సూప్ ఉంది."

"ఇంటి ఓనర్ అనుకుంటా" శ్రీహర్ష తెలుగులో గొణిగాడు. "మారెక్‌కి బేస్‌మెంట్ అద్దెకిచ్చినట్టున్నాడు."

"అంత స్టారూ బేస్‌మెంట్‌లోనా?"

"మనలాగే పొదుపేమో."

"ఓనర్ ఇంకా పొదుపురోయ్. ఇంత ఇల్లు పెట్టుకుని పళ్ళు కట్టించుకోలేదు చూడు."

సూప్ గిన్నె చేతికి రాగానే వీరభద్రం తన ఇంగ్లీషు బయటికి తీశాడు.

"ఇల్లు చాలా బాగుంది సార్. ఎంతకి కొన్నారు? ఏం పని చేస్తా..."

శ్రీహర్ష మామయ్య కాలు తొక్కాడు.

"అలా అడక్కూడదు మామయ్యా ఇక్కడ!"

"ఊళ్ళో అందర్నీ అడుగుతూనే ఉన్నాగా?"

"అందుకే నువ్వు కనపడితే అందరూ కారు తిప్పుకుని పోతున్నారు."

ఇంతలో మారెక్ బేస్‌మెంట్ మెట్లెక్కి పైకి వచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. కాగితాల వంక కూడా చూడలేదు.

"పెట్టను" అన్నాడు.

శ్రీహర్ష కాగితాలు ముందుకి తోశాడు.

"నిన్న ఓకే అన్నావుగా?"

"అది నిన్న."

"ఇంకా ఎక్కువ కావాలా? బాస్‌కి కాల్ చేస్తాను."

"నీకు అంతా డబ్బేనా? పొద్దున మీరు..."

ఓనర్ గరిటె అడ్డం పెట్టాడు.

"మారెక్, ఆపు. ఈ అబ్బాయి తన పని తను చేసుకుంటున్నాడు. కూర్చో."

మారెక్ కూర్చున్నాడు.

"ఏడాది ఆడకపోతే కాళ్ళు మొరాయిస్తాయి. డబ్బు వచ్చే ఏడాది అడగొచ్చు. ఈ ఏడాది పోతే ఎవర్ని అడుగుతావు?"

"మరి నువ్వు?"

"నా సంగతి నేను చూసుకుంటాలే. నువ్వు పెట్టు."

మారెక్ కాగితాలు దగ్గరికి లాక్కున్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

శ్రీహర్షకి ఆశ్చర్యం వేసింది. పెద్ద జీతం వస్తే ఇల్లు మారాల్సి వస్తుందేమో పాపం, ఇంత మంచి సూప్ మళ్ళీ ఎక్కడ దొరుకుతుంది అనుకున్నాడు.

మారెక్ పెన్ను తీసుకున్నాడు. పేజీ తర్వాత పేజీ సంతకం పెట్టేసి, ఎవరితోనూ మాట్లాడకుండా కిందికి వెళ్ళిపోయాడు.

"పై గదిలో ఫ్యాక్స్ ఉంది, వాడుకో" అన్నాడు ఓనర్. "ఆలస్యం చేయకు."

శ్రీహర్ష రెండేసి మెట్లెక్కుతూ పైకి పరిగెత్తాడు. కాగితాలు వెళ్ళాయి. బాస్ ఫోన్‌లోనే ఎగిరి గంతేశాడు. హెచ్-వన్ గ్యారంటీ అన్నాడు.

కిందికి వచ్చేసరికి ఓనర్, వీరభద్రం కలిసి కారు అద్దం మీద మంచు గీకుతున్నారు. ఓనర్ వీరభద్రం భుజం తట్టి, సూప్ డబ్బా చేతిలో పెట్టి, లోపలికి వెళ్ళిపోయాడు.

కారు కదిలింది.

"మామయ్యా, సాధించాం! పార్టీ ఎక్కడ?"

వీరభద్రం సూప్ డబ్బా మేనల్లుడి ఒళ్ళో పెట్టాడు. నవ్వులేని ఆ మొహం శ్రీహర్ష ఎప్పుడూ చూడలేదు.

"ఏమైంది?"

"నువ్వు వద్దన్నదే అడిగానురా. మీరేం పని చేస్తారండీ అని."

"ఛ! ఏమన్నాడు?"

వీరభద్రం రోడ్డు వంకే చూస్తూ అన్నాడు.

"'ఇవాళ పొద్దున ఫోన్ వచ్చేదాకా, మీ అబ్బాయి టీమ్‌లోనే డిఫెన్స్ ఆడేవాణ్ణి' అన్నాడు."