చాడీ చెప్పిన రక్తం

"మీ రక్తంలో ఆటలమ్మ జాడే లేదండీ," అంది నర్సు, కాగితం మీంచి తలెత్తకుండా. ఆ నర్సు ఆయనకు స్వయానా భార్య.

ఆస్పత్రిలో ఆటలమ్మకు కొత్త టీకా పరీక్షిస్తున్నారు. పోల్చి చూడ్డానికి, ఆ జబ్బు వచ్చి తగ్గినవాళ్ల రక్తం కూడా కావాలంటూ ఆవిడే ఆయన్ని రెక్క పట్టుకుని లాక్కొచ్చింది. రానంటే అనుమానం, వస్తే గుట్టు రట్టు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

"మిషను తప్పు చూపించిందేమో," అన్నాడు.

"రెండుసార్లు చూశాం. ఒకసారి వస్తే దాని గుర్తు ఒంట్లో ఉండిపోతుంది. మా తమ్ముడి పెళ్లికి రాకుండా పద్నాలుగు రోజులు తలుపేసుకుని కూచున్నారు. మరి ఆ ఎర్రమచ్చలేమిటి?"

ఇక దాచి లాభం లేదనుకున్నాడు.

"నీ లిప్‌స్టిక్కు. నువ్వు తలుపు సందులోంచే చూశావు కనక సరిపోయింది. పెళ్లి పనులన్నీ నా నెత్తినే పడతాయని భయపడ్డానే."

"ఎనిమిదేళ్లు నమ్మాను మిమ్మల్ని."

"నాకు శిక్ష పడిందిగా. నా దొంగ ఆటలమ్మ తగ్గిన వారానికే నీకు అసలుది వచ్చింది. నా పాపమే నిన్ను కొట్టిందని ఎంత కుమిలిపోయానో. మా అమ్మా, ముగ్గురు అక్కలూ వచ్చి ఉన్న ఆ పదిహేను రోజులూ వంటావార్పూ, అంట్లూ అన్నీ నేనే చేశాను. నీ కంచం గుమ్మంలో పెట్టి, దణ్ణం పెట్టుకుని మరీ వెళ్లేవాణ్ణి."

ఆవిడ మెత్తబడింది. "సరే, పాత సంగతులు ఇప్పుడెందుకు లెండి. ఇంటికెళ్లండి," అంటూ గుమ్మం దాకా సాగనంపింది.

ఆయనకు ప్రాణం లేచొచ్చింది. ఇంత తేలిగ్గా వదిలేస్తుందని కలలో కూడా అనుకోలేదు. ఎంత మంచిదాన్ని మోసం చేశానురా అని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు కూడా.

ఆయన ఇంకా గుమ్మం దాటకముందే లోపలినుంచి డాక్టరమ్మ ఇంకో కాగితం పట్టుకుని వచ్చింది.

"సిస్టర్, మీరు ఆ టీకా సీసాల జోలికి వెళ్లకండి. నీరసపడ్డదే అయినా వాటిలో ఉన్నది బతికున్న క్రిమి కదా, అందుకని మన సిబ్బంది రక్తాలు కూడా చూశాం. మీకు పుట్టి ఇంతవరకూ ఆటలమ్మ రానేలేదు."