చస్తే మార్చి ఇవ్వబడును

మొక్కల దుకాణం తెరిచేనాటికి ఆ వ్యాపారి చేతిలో ఉన్నవి ఒక అద్దె గది, దాని ముందు పందిరి, గుప్పెడు విత్తనాలు.

నీలి పూల మొక్క. ఒకసారి నాటితే ఏళ్ల తరబడి పూస్తుందని విత్తనాలు అమ్మినవాడు చెప్పాడు.

ఇసుకలాంటి విత్తనం. మొలకెత్తడానికే అతని ప్రాణం తీసింది.

మొలిచినవాటిని ఒక్కొక్కటే కుండీల్లోకి మార్చి, బోర్డు పెట్టాడు. 'చస్తే మార్చి ఇవ్వబడును.'

సరుకంతా చూస్తుండగానే అమ్ముడైంది. ఆ డబ్బుతో గులాబీలూ మల్లెలూ తెచ్చి పందిరి నింపాడు.

చలికాలం వచ్చింది. కొన్నవాళ్ల ఇళ్లలో నీలి మొక్కలన్నీ ఆకులు రాల్చి, ఎండుపుల్లలై పడిపోయాయి.

ముందుగా టైలరమ్మ వచ్చింది.

"ఏమయ్యా, ఏళ్ల తరబడి అన్నావు. ఏడాదైనా గడవలేదే."

"నీళ్లు పోశారా అమ్మా?"

"నీళ్లా? మా ఆయనకి కూడా అంత సేవ చెయ్యలేదు."

కక్కలేక మింగలేక గులాబీ మొక్క ఇచ్చి పంపాడు.

వెనకే మంగలి, బేకరీ ఆయన, వీధి వీధంతా. అందరూ బోర్డు చూపించి మరీ అడిగారు.

అదే కుండీ రెండోసారి తెస్తారేమోనని, ప్రతి చచ్చిన కుండీ మీదా తెచ్చినవాళ్ల పేరు సున్నంతో రాశాడు.

చచ్చిన కుండీలు పెరట్లో గుట్టపడ్డాయి. బతికిన సరుకు పందిట్లో కరిగిపోయింది. ఇంకో నెల ఇలాగే సాగితే దుకాణానికి తాళమే.

ఆ చిరాకులో మఫ్లరాయన తగిలాడు. వీధికి కొత్త. ఎండలో కూడా మెడకు మఫ్లర్ తియ్యడు. ఏమీ కొనడు, రోజూ వచ్చి ఆ గుట్ట ముందు నిలబడతాడు.

"అవి చావలేదు బాబూ. నిద్రపోతున్నాయి."

"జోల మీరే పాడారా?"

"వేళ్లు చూడు. ఇంకా తెల్లగానే ఉన్నాయి."

"పుండు మీద కారం చల్లకండి పెద్దాయనా. అంత ప్రేముంటే పట్టుకుపోండి. నాకు చోటైనా కలిసొస్తుంది."

మఫ్లరాయన తోపుడుబండి తెచ్చి, అన్నీ పట్టుకుపోయాడు.

చలి తగ్గింది. ఒక ఉదయం బేకరీ గుమ్మం ముందు వ్యాపారి కాళ్లు ఆగిపోయాయి.

నీలి పూలు. కుండీ తనది. దాని మీద సున్నపు రాత తనది.

మంగలి షాపు ముందు చూశాడు. అక్కడా అవే.

అతనికి లెక్క క్షణంలో తేలిపోయింది. ముసలాయన సరుకు ఊరికే కొట్టేసి, తన ఖాతాదార్లకే అమ్ముకున్నాడు.

తిన్నగా ఆయన గదికి వెళ్లి, గుమ్మంలోనే నిలదీశాడు.

"నా మొక్కలు, నా కుండీలు, నా బేరాలు. మీ పెట్టుబడి ఒక్క మఫ్లరేనా?"

"అమ్మలేదు బాబూ."

"మరి పంచిపెట్టారా?"

"అవును."

"నేనూ వ్యాపారినే. ఊరికే ఇచ్చేవాణ్ణి ఇంతవరకు చూడలేదు. ఇంకోసారి మా పందిరి కిందకి రాకండి."



"దుకాణం నడుస్తోందా బాబూ?" అన్నాడు మఫ్లరాయన.

"మీబోటివాళ్లు ఉన్నా నడుస్తోంది," అని వచ్చేశాడు వ్యాపారి.

వారం తిరక్కుండా టైలరమ్మ మళ్లీ వచ్చింది. ఈసారి ఏం చచ్చిందోనని అతను ముందు ఆమె చేతుల వైపు చూశాడు.

"ఆ నీలి మొక్కలు మళ్లీ వేస్తున్నావా? మా చెల్లెళ్లిద్దరికీ కావాలి."

"మీరేగా అమ్మా తిట్టారు?"

"తిట్టాను. చచ్చిందనుకున్నదాన్ని బతికించి, ఇంటికి పంపావుగా. మాట మీద నిలబడేవాడివి. గులాబీ వాపసిస్తానన్నా మీ మనిషి పుచ్చుకోలేదు."

"మా మనిషెవరు?"

"అదే, మఫ్లరాయన. దుకాణం వాళ్లు పంపారని చెప్పి, గుమ్మంలో పెట్టి వెళ్లాడు. మంచినీళ్లు కూడా తాగలేదు."

మధ్యాహ్నానికి మంగలి, బేకరీ ఆయన కూడా వచ్చి, తర్వాతి పంటకు ముందే చెప్పుకుని వెళ్లారు.

వ్యాపారి పందిరి వదిలి ఆయన గదికి బయలుదేరాడు. దారిలో లెక్క వేసుకున్నాడు. పేరొచ్చింది, బేరమొచ్చింది, దుకాణం నిలబడింది. తిరిగి ఇవ్వాల్సింది ఒక్క క్షమాపణ. చవకే అనుకున్నాడు.

గది తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. లోపల ఇల్లుగలామె ఊడుస్తోంది.

"మొన్ననే ఖాళీ చేశాడు నాయనా. ఎక్కడికో చెప్పలేదు."

"అసలెవరండీ ఆయన?"

"ఏమో. ఒకప్పుడు ఎక్కడో మొక్కల దుకాణం ఉండేదట. మొదటి చలికాలమే మొక్కలు చచ్చాయని అన్నీ చెత్తలో పోసి, దుకాణం మూసేశాడట. ఎండలు రాగానే ఆ చెత్తకుప్పంతా నీలంగా పూసిందట."